గుణుపూరు ఎండకి ఏ కుందేలు ఆగుతాది? మేతేటి పెట్టాలి?

వంశధార_గట్టు:
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గుణుపూరు, రాయగడ జిల్లా. ఇంటెనకాల పెరడుంది, ఓ మావిడిచెట్టు, రెండు మునగచెట్లు, కంచె పొడుగునా సుబాబుల్. వ్యాపారం కాదు, ఇంట్లో ఆరుగురం, నెలకి రెండు మూడు సార్లు కూరకి వస్తే చాలు. ఓ మగది రెండు ఆడవీ తెద్దామనుకుంటన్నాను. ఒకాయన న్యూజిలాండ్ వైట్ అంటాడు, ఇంకొకాయన సోవియట్ చించిల్లా అంటాడు, యూట్యూబ్‌లో చూస్తే ఫ్లెమిష్ జెయింట్ అని కుక్కపిల్లంత ఉంది, అదైతే ఒక్కటి కోస్తే ఇంటిల్లిపాదికీ సరిపోతాది కదా అని మా తమ్ముడి గోల. రెండోది మేత. ఇక్కడ కుందేలు పెల్లెట్ ఎక్కడా దొరకదు, దాణా కొట్టువాడిని అడిగితే కోళ్ళ బ్రాయిలర్ స్టార్టర్ పెట్టెయ్యండి ఏటవుతాది అన్నాడు. ఇంట్లో నూకలు, తవుడు ఉన్నాయి. అవి పెట్టొచ్చా? పెంచినవాళ్ళు చెప్పండి, చదివి చెప్పేవాళ్ళు వద్దు దయచేసి 🙏

దేవమాలి_నీడ:
తమ్ముడూ మాది సెమిలిగూడ. ఆరేళ్ళ నుంచి పెంచుతున్నాను. కళ్ళు మూసుకుని న్యూజిలాండ్ వైట్ తెచ్చుకో. పేరు న్యూజిలాండే గానీ జాతి అమెరికాలో తయారైంది, అది వేరే కథ. ఎదిగితే నాలుగు నుంచి అయిదు కిలోలు, ఈతకి ఆరు నుంచి ఎనిమిది పిల్లలు, సరిగ్గా మేపితే పిల్ల మూడు నెలలకి రెండు కిలోలు తూగుతుంది, తోలూ పేగులూ పోను సగం మాంసం అనుకో. నా లెక్క ఏటంటే ఒక తల్లి ఏడాదికి నాలుగైదు ఈతలు ఈనితే పాతిక పిల్లలు నిలబడతాయి, అంటే పాతిక కిలోల మాంసం. నీకు రెండు తల్లులంటే ఎక్కువే, ముందు ఒక్కదాన్ని సాకి చూడు.
చించిల్లా కూడా మంచిదే, బూడిద రంగు, మాంసానికి తేడా ఏమీ లేదు. ఫ్లెమిష్ జెయింట్ మాత్రం వద్దు. బొమికె పెద్దది, నిదానంగా ఎదుగుతుంది, మూడు నెలలకి కొయ్యాలంటే అప్పటికి తిన్న మేత బొమికెలకే పోయుంటుంది. పైగా ఆ బరువుకి బోను అడుగు ఇనప జాలీ మీద కాళ్ళు పుళ్ళు పడతాయి.
మేతకి నేను పొద్దున్న గుప్పెడు దాణా, సాయంత్రం చెయ్యి నిండా గడ్డి. గడ్డి రాత్రికి ఉండాలి, అవి ఎక్కువ తినేది రాత్రే. క్యాబేజీ ఆకులు సంతలో ఊరికే పడేస్తారు కదా అని తెచ్చి పెట్టకు, మొదటి ఏడాది నేను అదే చేసి పొట్ట ఉబ్బి మూడు పిల్లలు పోయాయి.

ప్రాణహిత_ఒడ్డు:
అక్కా మీది మూడు వేల అడుగుల మీద గుట్ట, మీకు ఏ కుందేలు తెచ్చినా బతుకుతది 😄 గుణుపూర్ల గట్ల కాదు. నాది సిరోంచ, గడ్చిరోలి జిల్లా, మే నెలల మా దగ్గర గోడ ముట్టుకుంటే చెయ్యి కాల్తది. నేను కూడా న్యూజిలాండ్ వైటే తెచ్చిన. తమ్మీ, జాతి సంగతి తర్వాత, ముందు ఎండ సంగతి చూడు. కుందేలుకు చెమట రాదు, ఒంట్ల వేడి ఎక్కువ చెవులల్లకెళ్ళే పోవాలె. ముప్పై డిగ్రీలు దాటితే దానికి కష్టం మొదలు, ముప్పై అయిదు దాటినంక నీడ, నీళ్ళు లేకుంటే పానమే పోతది.
నేను రేకుల షెడ్డు ఏసిన, తప్పు అదే. పగలు రెండింటికి పోయి చూస్తే సూడి మీదున్న తల్లి పక్కకు ఒరిగి నోరు తెరిచి ఎగపోస్తున్నది, ముక్కు చుట్టూ తడి. చెవులకు తడిబట్ట పెట్టిన, అయినా పొద్దుమీకక ముందే పోయింది. తెల్లారి రేకుల మీద వరిగడ్డి మందంగ కప్పిన, గోనె పట్టాలు కట్టి గంటకోసారి తడుపుడు, ప్లాస్టిక్ సీసాల నీళ్ళు పోసి ఫ్రిజ్‌ల గడ్డ కట్టించి బోనుల పెడితే దానికి ఒరిగి పండుకుంటయి. కరెంటు పోతే అదీ లేదు అనుకో.
ఇంకోటి ఎవ్వరు చెప్పరు, ఎండకు మగది పనికి రాకుండ అయితది. బతికే ఉంటది, ఎక్కుతది కూడా, కాని సూడి నిలువది. మల్ల మామూలు అయ్యేసరికి రెండు నెలలు పట్టొచ్చు. నేను ఆడవాటి తప్పు అనుకుని మంచి తల్లిని కోసుకుని తిన్న, ఇప్పటికీ బాధ. అందుకే ఎండకాలం ఈతలు బంద్ పెట్టు. దసరా పోయినంక తెచ్చుకో, చలికాలంల రెండు ఈతలు తీసుకో.
మల్ల ఎవడన్న యూనిట్ అని ఏడు ఆడయి మూడు మగయి అంటగట్టి పిల్లలను మేమే కొంటం అంటే నమ్మకు. నేను గట్లనే ఒక కంపెనీకి పైసలు కట్టిన, రెండో ఈతకు ఫోన్ ఎత్తలే. నా కుందేళ్ళ కథ మొదలైందే గట్ల.

మహేంద్రతనయ:
బాబూ, నేను పర్లాకిమిడిలో పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇద్దరూ చెప్పింది సరిగానే ఉంది, నేను మేత గురించే రాస్తాను, ఎందుకంటే మీ దాణా కొట్టువాడి మాట వింటే కొంప మునుగుతుంది.
బ్రాయిలర్ దాణా పెట్టొద్దు. కోళ్ళకి కాక్సీడియోసిస్ అనే పేగు జబ్బు రాకుండా అందులో మందు కలుపుతారు, వాటిలో సాలినోమైసిన్, నారసిన్ లాంటివి కుందేలుకి విషం. బస్తా మీద ఏ మందు కలిపారో మనం చూడం, చూసినా అర్థం కాదు. ఆ మందు లేకపోయినా అందులో పీచు ఉండదు. కుందేలు కోడి కాదు, దాని పొట్ట పీచు మీదే నడుస్తుంది, పళ్ళు కూడా బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. నూకలూ అంతే, పిండి ఎక్కువై పేగు చెడి పారుకుంటుంది, ముఖ్యంగా తల్లి పాలు మాన్పించిన పిల్లలకి. తవుడు తాజాదైతే కొద్దిగా పర్వాలేదు, ముక్కిపోయిన వాసన వస్తే పారెయ్యండి.
ఇంట్లో కలుపుకోడానికి వంద కిలోల లెక్క చెప్తాను, మీరు పది కిలోలే కలుపుకోండి, ఎక్కువ కలిపితే వానాకాలం బూజు పడుతుంది. మొక్కజొన్న రవ్వ 30, గోధుమ పొట్టు 28, శనగ పొట్టు 20, వేరుశనగ చెక్క 20, మినరల్ మిక్చర్ ఒకటిన్నర, ఉప్పు అర కిలో. పొడిగా వేస్తే దుమ్ము ముక్కులోకి పోయి తుమ్ముతాయి, నీళ్ళు చిలకరించి ముద్దలా చేసి పెట్టండి, మిగిలింది ఆ పూటకే తీసెయ్యాలి, పులుస్తుంది. పెద్దదానికి రోజుకి నూరు గ్రాములు, పాలిచ్చే తల్లికి రెట్టింపు. వేరుశనగ చెక్క ఒక్కటి జాగ్రత్త, విరిచి చూడండి, లోపల పచ్చగా నల్లగా మచ్చ కనబడితే ఎంత చవకైనా తేవద్దు.
ఆకుల్లో మీ మునగ బంగారం. దశరథ గడ్డి విత్తనం దొరికితే కంచె వారన చల్లండి. వేరుశనగ తీగ, అలసంద తీగ, చిలగడదుంప తీగ అన్నీ తింటాయి, కోసిన వెంటనే తడిగా వెయ్యకుండా ఓ పూట వాడనివ్వండి. సుబాబుల్ మాత్రం రోజూ కడుపునిండా వద్దు, మిమోసిన్ అని ఓ విషపదార్థం ఉంటుంది, వెంట్రుకలు రాలిపోతాయి, చిగుళ్ళలో మరీ ఎక్కువ. మేతలో పదో వంతు దాటనివ్వకండి. గన్నేరు, టమాటా మొక్క ఆకు దగ్గరికి రానివ్వొద్దు. మేత మార్చాలన్నా ఒక్కరోజులో మార్చకండి, వారం పట్టాలి.
ఇంకొకటి, కొత్తవాళ్ళు భయపడి ఫోన్ చేసేవారు: “సార్ మాది దాని పెంటికలు అదే తింటోంది”. తిననివ్వండి. మెత్తగా నిగనిగలాడుతూ ద్రాక్షగుత్తిలా వచ్చేవి వేరు, గుండ్రంగా గట్టిగా రాలేవి వేరు. మెత్తవాటిలో మాంసకృత్తులూ బి విటమిన్లూ ఉంటాయి, వచ్చినవి వచ్చినట్టే నోటితో అందుకుని మింగుతుంది. అవి బోను కింద పడి ఉన్నాయంటేనే దాణా ఎక్కువైందని అర్థం.

వంశధార_గట్టు:
మాస్టారూ చాలా థాంక్స్, స్క్రీన్‌షాట్ తీసి దాణా కొట్టువాడికే చూపించేను, మొహం మాడిపోయింది. సిరోంచ అన్నా మీరు చెప్పింది చదివి మా ఆవిడ రేకుల షెడ్డు ప్లాను కేన్సిల్ చేసింది, మావిడిచెట్టు కింద తాటాకు కప్పు వేయిస్తన్నాను. ఇక్కడే కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం) ఉంది కదా, జాతి కుందేళ్ళు దగ్గర్లో ఎవరి దగ్గరున్నాయో అక్కడ అడుగుతాను. రెండు డౌట్లు. మగదీ ఆడదీ ఒకే ఈతవి అయితే పర్లేదా? పులుసు బాగుంటాదా వేపుడా?

దేవమాలి_నీడ:
ఒకే ఈతవి వద్దు, అన్నాచెల్లెళ్ళవుతాయి, మగదాన్ని వేరే ఇంటినుంచి తెచ్చుకో. జత కట్టించేటప్పుడు ఆడదాన్ని మగదాని బోనులోకి తీసుకెళ్ళాలి, తిరగేస్తే కొట్టుకుంటాయి. ముప్పై ఒక్క రోజుకి ఈనుతుంది, ఇరవై ఎనిమిదో రోజుకల్లా చెక్కపెట్టెలో ఎండుగడ్డి వేసి పెట్టు. ఈనే ముందు రాత్రి తల్లి తన రొమ్ము మీది బొచ్చు నోటితో పీకి పెట్టెలో పరుస్తుంది, మొదటిసారి చూసి జబ్బు చేసిందేమో అని నేను ఏడ్చేశాను. బోను కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టడం మర్చిపోకు. పిల్లలు పుట్టినప్పుడు ఒంటి మీద వెంట్రుక ఉండదు, కళ్ళు తెరవవు, ఓ తెల్లవారి చూస్తే ఈతంతా ఎర్రచీమలు పట్టేశాయి మాకు.
కూరకి ఇగురే. కొవ్వు ఉండదు కాబట్టి వేపుడు చేస్తే పీచులా అయిపోతుంది.

ప్రాణహిత_ఒడ్డు:
అడివి చెవులపిల్లిని పట్టుకొచ్చి దీంతోని జత కట్టిస్త అని ఎవడన్న చెప్తే నవ్వి ఊకో, రెండూ వేరే జాతులు, సూడి నిలువది. మల్ల అడివిదాన్ని పట్టుడు 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు.

వంశధార_గట్టు:
అయ్యో అంత పని పెట్టుకోం అన్నా. ఇంకో ఇబ్బందేటంటే ఇంకా తేనే లేదు, మా చిన్నది అప్పుడే మూడిటికీ పేర్లు రాసేసింది. బడిలో ఒడియా టీచరమ్మకి కూడా చెప్పేసిందిట, మా ఇంటికి ఠెకువా (కుందేలు) వస్తంది అని. రేపు కొయ్యడం ఎలగ?

దేవమాలి_నీడ:
ఆ మూడూ కోసేవి కాదుగా, పెట్టుకోనీ. పిల్లలకి మాత్రం పెట్టనివ్వకు. మా ఇంట్లో మగదానికి మావయ్యగారి పేరే పెట్టారు పిల్లలు, ఆయనకి ఇప్పటిదాకా తెలీదు.