సినిమా స్క్రిప్టు రెండో అంకంలో (మధ్య భాగంలో) కథ ఆగిపోతోంది, ఏ థియరీ చదవాలి?

ముసాయిదా: మొదటి ముప్పై పేజీలు చకచకా వస్తున్నాయి. ఆ తర్వాత హీరోతో ఏం చేయించాలో తోచదు. థియరీ చదివితే దారి దొరుకుతుందా? ముందు ట్రీట్‌మెంట్ (డైలాగులు లేకుండా కథంతా వచనంలో) రాయాలా, నేరుగా సీన్లా? సాఫ్ట్‌వేర్ ఏది మంచిది?

పేజీ120: స్క్రీన్‌ప్లే పాఠాలు చెప్పిన అమెరికన్ సిడ్ ఫీల్డ్ 1979లో రాసిన పుస్తకం చదవండి. 120 పేజీల స్క్రిప్టులో మొదటి ప్లాట్ పాయింట్, అంటే కథని మలుపు తిప్పే సంఘటన, 25–27 పేజీల మధ్య పడాలి. పేజీకి నిమిషం. ఈ లెక్క రాకుండా రెండో అంకం గురించి మాట్లాడటం దండగ.

కత్తెర: పేజీకి నిమిషం అన్నది కొరియర్ ఫాంట్ 12 పాయింట్‌లో ఇంగ్లిష్ టైపు చేసేవాళ్ల లెక్క, అదీ ఉజ్జాయింపే. తెలుగులో ఫాంట్ మారిస్తే పేజీలు మారిపోతాయి. "ఇద్దరూ కొట్టుకుంటారు" అన్నది ఒక్క లైను, తెర మీద మూడు నిమిషాలు. నేను ఎడిటర్‌ని, ఈ లెక్కలు నాకు చెప్పకండి.

పేజీ120: అలా ఒక్క లైనులో తేల్చేసేవాడు రైటరే కాదు. దెబ్బ దెబ్బా రాస్తే లెక్క సరిపోతుంది.

కత్తెర: రాయండి. ఫైట్ మాస్టర్ ఆ పేజీలు తిప్పేసి తన ఫైట్ తను కంపోజ్ చేసుకుంటాడు.

బీజం_బిందువు: నాట్యశాస్త్రం ఎవరికీ గుర్తు రాదు! ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం అని ఐదు సంధులు, అంటే కథలో ఐదు దశలు. మీకు తేలిపోయింది గర్భసంధి. అక్కడ ఫలం, అంటే హీరో కోరుకున్నది, దొరికినట్టే దొరికి చేజారాలి, మళ్లీ వెతుకులాట మొదలవ్వాలి.

పేజీ120: సంధులు చదివి స్క్రిప్టు అమ్మినవాళ్లు ఉన్నారా?

బీజం_బిందువు: పేజీలు లెక్కపెట్టి మీరు అమ్మినవెన్నో చెప్పండి ముందు.

తిరగరాత: ఇక్కడ కొట్టుకోవడం ఆపితే ఒక మాట. నా స్క్రిప్టు కదిలింది పుస్తకాల వల్ల కాదు. కథంతా విలన్ వైపు నుంచి ఒక పేజీలో రాశాను. సగం కథలో వాడు ఊరికే కూర్చున్నాడని తేలింది. వాడికి పని పెట్టగానే హీరోకి పని దొరికింది. ఇంకోటి, సీనుకీ సీనుకీ మధ్య "ఆ తర్వాత" అని పెట్టి చదివితే సరిపోతోందంటే ఆ లింకు వీక్. "కానీ", "అందుకని" పడాలి. ఆ స్క్రిప్టుకే అడ్వాన్స్ వచ్చింది.

కొత్తపెన్ను: వాయిస్ ఓవర్ వాడొచ్చా?

పేజీ120: వద్దు.

కత్తెర: ఎందుకు వద్దు? కనిపిస్తున్నదాన్నే గొంతు మళ్లీ చెబితే వేస్ట్. తెర మీద ఒకటి జరుగుతుంటే గొంతు ఇంకోటి చెబుతోందనుకోండి, అబద్ధాలకోరు పాత్రకి అంతకన్నా ఏం కావాలి?

పేజీ120: మీ ఎడిటర్లు అలాగే అంటారు. సీన్లు అతకనప్పుడల్లా మీకు గుర్తొచ్చేది అదేగా.