పాలు లేకుండా చిక్కటి మసాలా కాఫీ, విరగకుండా ఎలా?

పద్మారావునగర్ కాఫీ:
నమస్కారమండి. రాత్రి ఇత్తడి ఫిల్టర్‌లో పొడి వేసి, పొద్దున ఆరింటికి డికాషన్ దింపుకోవడం నాకు పెళ్లయినప్పటి నుంచీ అలవాటు. రెండు నెలల కిందట డాక్టరుగారు లాక్టోజ్, అంటే పాలలో ఉండే చక్కెర పడట్లేదు, పాలు మానేయండి అన్నారు. పాయసాలూ స్వీట్లూ మానడం కష్టమనిపించలేదు. కాఫీ దగ్గరే ఆగిపోయాను.

ప్యాకెట్ బాదం పాలు తెచ్చి వేడి డికాషన్‌లో పోస్తే తరకలు తరకలుగా విరిగాయి. మా ఆయన దానికి ‘పనీర్ కాఫీ’ అని పేరు పెట్టారు. కొబ్బరిపాలతో చేస్తే పైన నూనె తేలింది, తాగుతుంటే పాయసంలో ఎవరో కాఫీ పొడి ఒలకబోసినట్టుంది. ఓట్స్ ఇంట్లోనే రుబ్బి కాచాను. జిగురు! ఆ గ్లాసు కడగడమే ఒక పని.

శొంఠి, యాలకులు వేసుకుని చిక్కగా, నోటికి నిండుగా ఉండే కాఫీ కావాలి. ఎవరికైనా కుదిరిందా?

ల్యాబ్ కోటు:
అక్కా, కాఫీకి పులుపు గుణం ఉంటుంది. ఆ పులుపూ వేడీ కలిస్తే బాదం, సోయా పాలలోని ప్రొటీన్ గడ్డకడుతుంది. నిమ్మరసం పిండితే పాలు విరిగినట్టే. చల్లటి పాలు మరిగే డికాషన్‌లో పోయకండి. పాలు గోరువెచ్చగా చేసి, డికాషన్‌నే అందులో కొంచెం కొంచెంగా పోయండి. బాగా వేయించిన ముదురు రంగు పొడిలో పులుపు తక్కువ.

ఇంకో మాట. ‘నాన్ డెయిరీ’ అని రాసిన క్రీమర్ పొడుల్లో చాలావాటిలో పాల ప్రొటీన్ ఉంటుంది. లాక్టోజ్ పడనివాళ్లకు పెద్ద ఇబ్బంది లేకపోవచ్చు, పాల అలర్జీ ఉన్నవాళ్లు మాత్రం తాగకూడదు. వెనక చిన్న అక్షరాలు చదవండి.

నల్లకుంట బాబాయ్:
జీడిపప్పు పాలు చేసుకో అమ్మా. నేను నాలుగేళ్లుగా తాగుతున్నాను. గుండ్లు అక్కర్లేదు, బేగంబజార్‌లో ముక్కలు తెచ్చుకుంటే చవక. ఒక గ్లాసుకి పదిహేను పప్పులకు సరిపడా ముక్కలు వేడినీళ్లలో అరగంట నానబెట్టు. ఆ నీళ్లు పారబోసి, 120 మిల్లీలీటర్ల మంచినీళ్లతో వెన్నలా రుబ్బు. మెత్తగా నలిగితే వడకట్టే పనే లేదు.

శొంఠి పొడి మాత్రం ఫిల్టర్‌లో వేయకు, చిల్లులు పూడుకుపోతాయి. నేనొకసారి వేసి గంటసేపు చుక్క కోసం కూర్చున్నాను. చిన్న శొంఠి ముక్క, రెండు యాలకులు, గోరంత దాల్చినచెక్క దంచి నీళ్లలో మరిగించి, వడకట్టిన ఆ నీళ్లనే ఫిల్టర్‌లో పొయ్యి. డికాషన్‌కే వాసన పడుతుంది. బెల్లం అన్నిటికంటే ఆఖర్న.

గోదారి కొబ్బరి:
కొబ్బరిపాలను మరీ తీసిపారేయకండి! తొలి పాలు మరిగిస్తే నూనె తేలకుండా ఎలా ఉంటుంది? స్టవ్ ఆపేశాక రెండు చెంచాలు కలపండి, చాలు. మిగతా అంతా జీడిపప్పు పాలే. అన్నట్టు, కాఫీతోపాటు ఉస్మానియా బిస్కెట్ తింటున్నారా? అందులోనూ పాలుంటాయి మరి.

పద్మారావునగర్ కాఫీ:
అయ్యో, సాయంత్రం రెండు తింటున్నాను. ఇన్నాళ్లూ కాఫీనే తిట్టుకున్నానన్నమాట.

ఆదివారం చేశాను బాబాయ్ గారూ. మొదటిసారి అలవాటుకొద్దీ పాలలాగే పొంగు కోసం చూస్తూ నిలబడ్డాను. పొంగు రాలేదు, కుర్మా గ్రేవీ వచ్చింది. రెండోసారి ఆవిరి కనబడగానే దింపేసి, డికాషన్ మూడు విడతలుగా పోశాను. విరగలేదు! కొబ్బరిపాలు ఒక చెంచాకే ఆపాను, రెండైతే మళ్లీ పాయసం వైపు వెళ్తోంది. శొంఠి సగం తగ్గిస్తే నాకు సరిపోయింది. డబరాలో తిరగబోస్తే పాల కాఫీ అంత నురగ రాదు, కాసేపట్లో అణిగిపోతుంది. రుచి మాత్రం నిండుగా ఉంది. మా ఆయన ఏమీ అనకుండా తన గ్లాసు ఇటు జరిపారు.

రోజూ పొద్దున్నే మిక్సీ వేస్తే కింద పోర్షన్ వాళ్లు లేస్తారు. ముందే చేసి ఉంచుకోవచ్చా?

నల్లకుంట బాబాయ్:
ఫ్రిజ్‌లో రెండు రోజులే. అడుగున పేరుకుంటుంది, సీసా బాగా ఊపి పొయ్యి.