మెరైన్ పార్కు మూతపడితే అందులోని ఓర్కాలు ఎక్కడికి వెళ్ళాలి?

కెరటం:

ఫ్రాన్స్ దక్షిణ తీరంలో ఆంటిబ్ దగ్గర ఉన్న మెరైన్‌లాండ్ పార్కు 2025 జనవరి 5న శాశ్వతంగా మూతపడింది. ఓర్కాలతో (వీటినే కిల్లర్ వేల్స్ అంటారు), డాల్ఫిన్లతో ప్రదర్శనలు జరపరాదని ఆ దేశం 2021 నవంబరులో చట్టం చేసి, అందుకు 2026 డిసెంబరు వరకు గడువు ఇచ్చింది. యాజమాన్యం ఆ గడువుకు ముందే తలుపులు మూసింది. ప్రేక్షకులు వెళ్ళిపోయారు గానీ వికీ, కైజో అనే రెండు ఓర్కాలు మాత్రం ఆ కొలనులోనే మిగిలాయి. వికీ 2001లో ఆ పార్కులోనే పుట్టిన ఆడ ఓర్కా, 2013లో పుట్టిన కైజో దాని కొడుకు. వికీ పెద్ద కొడుకు మోవానా 2023 అక్టోబరులో, తోడబుట్టిన ఇనూక్ 2024 మార్చిలో చనిపోయాయి. అంటే ఆరు నెలలు తిరగకుండానే నాలుగింటి కుటుంబం సగమైపోయింది.

వీటిని ఎక్కడికి పంపాలన్నదానిపై మూడు ప్రతిపాదనలు వచ్చాయి. జపాన్‌లోని కోబెకు పంపడానికి ఫ్రాన్స్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. స్పెయిన్‌కు చెందిన టెనెరీఫ్ దీవిలో ఓర్కాలను ఉంచే లోరో పార్కే అనే పార్కుకు పంపాలని చూస్తే, అక్కడి కొలనుల వైశాల్యం, లోతు, నీటి పరిమాణం సరిపోవని స్పెయిన్ శాస్త్రీయ అధికారులు 2025 ఏప్రిల్‌లో తిరస్కరించారు. మూడోది కెనడాలోని నోవా స్కోషియా తీరంలో పోర్ట్ హిల్‌ఫర్డ్ అఖాతానికి వల కట్టి ఏర్పాటు చేయదలచిన సముద్ర ఆశ్రయం. ఆ చోటును 2020లోనే ఎంపిక చేశారు. దాదాపు వంద ఎకరాల నీరు, సహజమైన అడుగు, అలలు, చేపలు ఉండే చోటు అది.

మూసేసిన పార్కు నుంచి తెరిచి ఉన్న మరో పార్కుకు పంపడాన్ని పునరావాసం అనడం తప్పని నా అభిప్రాయం. ఆ జీవి పరిస్థితిలో మారేది గోడల రంగు మాత్రమే. కాబట్టి ఓర్కాలను సముద్ర ఆశ్రయానికి తప్ప మరెక్కడికీ పంపకూడదని నేను ప్రతిపాదిస్తున్నాను. భిన్నాభిప్రాయం ఉన్నవారు దయచేసి కారణాలతో చెప్పగలరు.

నిదానం:

కెరటం గారూ, మీ ఆవేదనలో నాకూ భాగముంది, కానీ మీ ప్రతిపాదనలోని "తప్ప మరెక్కడికీ" అన్న మాట నాకు భయం కలిగిస్తోంది. ఈ చర్చ వచ్చిన ప్రతిసారీ మనం కీకో కథను తలచుకుంటాం, కానీ దాని చివరి భాగాన్ని మాత్రం చెప్పుకోం. 1979లో ఐస్‌లాండ్ దగ్గర పిల్లగా పట్టుబడి, చివరికి మెక్సికో నగరంలోని ఒక వినోద పార్కులో, తనకు సరిపడని వెచ్చని నీటిలో, చర్మంపై పుండ్లతో బతికిన ఓర్కా అది. 1993లో వచ్చిన ఒక సినిమాతో ప్రపంచమంతా దాన్ని గుర్తించింది. 1996లో అమెరికాలోని ఒరెగాన్‌కు, 1998లో ఐస్‌లాండ్‌లోని క్లెట్స్‌విక్ అఖాతానికి తరలించి, ఏళ్ళ తరబడి శిక్షణ ఇచ్చి, 2002లో స్వేచ్ఛగా వదిలారు. అది వెయ్యి కిలోమీటర్లకు పైగా ఈది నార్వే తీరం చేరింది. చేరాక తన జాతి గుంపును వెతుక్కోలేదు, మనుషుల పడవలను వెతుక్కుంది. 2003 డిసెంబరులో న్యుమోనియాతో చనిపోయింది. రెండు కోట్ల డాలర్లకు పైగా ఖర్చు చేసి, అంకితభావం గల మనుషులు ఎందరో శ్రమించిన తర్వాత వచ్చిన ఫలితమిది.

కీకో కనీసం సముద్రంలో పుట్టింది. వికీకి సముద్రమంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసిన నీరు వడపోసిన నీరు, తెలిసిన చేప మనిషి చేతిలోంచి వచ్చిన చేప. అటువంటి జంతువును ఇరవై ఏళ్ళు దాటిన వయసులో తుపానులు, సముద్రపు మంచు ఉండే ఉత్తర తీరానికి తరలించడం దాని మేలు కోసమా, మన మనశ్శాంతి కోసమా అని ఒక్కసారి ఆలోచించమని కోరుతున్నాను.

తూర్పుగాలి:

నిదానం గారు చెప్పిన వాస్తవాలన్నీ నిజమే. వాటి నుంచి తీసిన సారం మీదనే నాకు అభ్యంతరం.

ముందుగా, ఆశ్రయం వేరు, విడుదల వేరు. కీకో విషయంలో లక్ష్యం విడుదల. పోర్ట్ హిల్‌ఫర్డ్ ఉద్దేశం అది కాదు. అక్కడ మనుషులు చేపలు పెడతారు, పశువైద్యులు చూస్తారు, వల దాటి పోనివ్వరు. ఒక ఓర్కా రోజుకు 50 కిలోలకు పైగా చేప తింటుంది, ఆ తిండి కోసం అది వేటాడవలసిన అవసరం అక్కడ ఉండదు. కాబట్టి వికీకి వేట రాదన్న వాదన విడుదలకు వ్యతిరేకంగా నిలుస్తుంది గానీ ఆశ్రయానికి వ్యతిరేకంగా నిలవదు.

రెండో విషయం, విడుదలలన్నీ విఫలమయ్యాయన్న అభిప్రాయం కూడా సరికాదు. 2002లో సియాటెల్ సమీపంలో తల్లిని కోల్పోయి ఒంటరిగా తిరుగుతున్న స్ప్రింగర్ అనే ఆడపిల్ల ఓర్కాను పట్టుకుని, కొద్ది వారాలు వైద్యం చేసి, ఆ వేసవిలోనే కెనడా తీరంలో దాని సొంత బంధువుల గుంపు తిరిగే చోట వదిలారు. ఆ గుంపు దాన్ని కలుపుకుంది. అది 2013లో, మళ్ళీ 2017లో పిల్లలను కన్నది. రష్యా తూర్పు తీరంలో నఖోద్కా దగ్గర అమ్మకానికి బంధించిన ఓర్కాల్లో పదింటిని 2019లో తిరిగి ఓఖోట్స్క్ సముద్రానికి తీసుకుపోయి వదిలారు. ఈ రెండు సందర్భాల్లోనూ చెర స్వల్పకాలమే కావడం, వెళ్ళడానికి తమ సముద్రం ఒకటి ఉండడం నిర్ణాయకమయ్యాయి. కీకో దాదాపు రెండు దశాబ్దాలు మనుషుల మధ్య, అందులో ఎక్కువ భాగం తన జాతి తోడు లేకుండా గడిపింది. అయినా మెక్సికోలో మరణించే దశకు చేరిన ఆ జీవి ఆ తర్వాత ఏడేళ్ళకు పైగా బతికి, చల్లని నీటిలో ఆరోగ్యం పుంజుకుని, చివరికి తన సొంత బలంతో ఒక సముద్రాన్ని దాటింది. దాన్ని వట్టి వైఫల్యమని నేను అనలేను.

చిన్న ప్రశ్న:

మధ్యలో అడ్డు వస్తున్నందుకు క్షమించాలి. వికీ తల్లిదండ్రులను ఐస్‌లాండ్ దగ్గరే పట్టుకున్నారని చదివాను. అలాంటప్పుడు తల్లీకొడుకులను ఐస్‌లాండ్ సముద్రంలోనే వదిలితే అక్కడి బంధువులు కలుపుకోవా?

తూర్పుగాలి:

మంచి ప్రశ్న వేశారు. దురదృష్టవశాత్తు నా సమాధానం "కలుపుకోవని అనుకోవాలి" అన్నదే. ఓర్కాల గుంపులు తల్లి వైపు నుంచి ఏర్పడతాయి. ఒక్కో గుంపుకు తనదైన పిలుపులు, తనదైన వేట పద్ధతి ఉంటాయి, వాటిని పిల్లలు తల్లి దగ్గర, అమ్మమ్మ దగ్గర నేర్చుకుంటాయి. రక్త సంబంధం ఉన్నంత మాత్రాన ఆ భాష రాదు. వికీ ఎంత నేర్పు గల జీవి అంటే, శిక్షకులు పలికిన కొన్ని మాటలను అనుకరించగలిగిందని 2018లో శాస్త్రవేత్తలు ప్రచురించారు. తన జాతి పిలుపులు నేర్చుకోవలసిన గొంతుతో అది మన పలకరింపును నేర్చుకుంది. ఆ వార్త వచ్చినప్పుడు అందరూ ముచ్చటపడ్డారు, నాకు మాత్రం అప్పటి నుంచీ అది గుర్తొస్తే బాధ కలుగుతుంది.

నిదానం:

ఆశ్రయం, విడుదల ఒకటి కావన్న తేడాను అంగీకరిస్తున్నాను. అయితే ఆశ్రయానికి కూడా ఒక అనుభవం మన ముందు ఉంది. షాంఘైలోని ఒక పార్కులో ప్రదర్శనలిచ్చిన రెండు బెలూగా తిమింగలాలను, లిటిల్ వైట్, లిటిల్ గ్రే అనేవాటిని, 2019 జూన్‌లో ఐస్‌లాండ్‌కు తరలించారు. కీకో ఉన్న ఆ క్లెట్స్‌విక్ అఖాతాన్నే వాటికోసం సిద్ధం చేశారు. 2020 ఆగస్టులో అఖాతంలోకి దించారు, తర్వాత తిరిగి లోపలి కొలనుకు తెచ్చారు. వాతావరణం, వాటి ఆరోగ్యం, అలవాటు పడవలసిన తీరు, ఇలా ఏదో ఒక కారణంతో అవి ఎక్కువ కాలం గోడల మధ్యనే గడిపాయి. దీన్నిబట్టి ఆశ్రయాలు వద్దని నేను అనడం లేదు. అఖాతం ఉన్నంత మాత్రాన ఆశ్రయం ఉన్నట్టు కాదని మాత్రమే అంటున్నాను.

నన్ను ఇంతకన్నా కలవరపెట్టేది కెనడా ఉదంతం. ఆ దేశం 2019లో తిమింగలాల, డాల్ఫిన్ల బంధనాన్ని నిషేధించింది, అప్పటికే ఉన్నవాటికి మినహాయింపు ఇచ్చింది. మినహాయింపు పొందిన కిస్కా అనే ఓర్కా నయాగరా జలపాతం దగ్గరి పార్కులో 2011 నుంచి తన జాతి తోడు లేకుండా ఉండి, 2023 మార్చిలో చనిపోయింది. అదే పార్కులో మిగిలిన 30 బెలూగాలను చైనాకు పంపేందుకు 2025 అక్టోబరులో మత్స్యశాఖ మంత్రి అనుమతి నిరాకరించారు. మరో ప్రదర్శనశాలకు పంపడం చట్టం ఉద్దేశానికి విరుద్ధమన్న ఆ మాటలో న్యాయం ఉంది. కానీ వాటిని పోషించే స్తోమత తమకు లేదని, ప్రాణం తీయడం తప్ప దారి లేదని యాజమాన్యం హెచ్చరించే స్థితి వచ్చింది. కెరటం గారూ, "మరెక్కడికీ పంపకూడదు" అన్న మాట ఆచరణలో ఇలాంటి చోటికే చేరుతుంది. ప్రత్యామ్నాయం కట్టకముందే దారులన్నీ మూస్తే, ఆ మూసిన దారుల మధ్య మిగిలేది జంతువే.

కెరటం:

నిదానం గారూ, మీ చివరి వాక్యం నన్ను రాత్రంతా ఆలోచింపజేసింది. ఫ్రాన్స్ చట్టంలోనూ ఇదే లోపం ఉంది. నిషేధానికి తేదీ రాశారు, ఆశ్రయానికి చోటు రాయలేదు, దాని ఖర్చుకు బాధ్యులను రాయలేదు. ఆడ ఓర్కా సముద్రంలో స్వేచ్ఛగా ఉంటే 50 ఏళ్ళు సులువుగా బతుకుతుంది, కొన్ని 80 దాటుతాయి. వికీకి మరో 30 ఏళ్ళు ఉన్నాయనుకుంటే, ఆ 30 ఏళ్ళ చేప, వల మరమ్మతు, వైద్యుల జీతాలు విరాళాల మీద ఆధారపడకూడదు. దశాబ్దాల తరబడి టికెట్లు అమ్ముకున్న పార్కు, మూతపడే రోజున ఒక నిధిని కట్టి వెళ్ళాలి. గని తవ్విన సంస్థ గుంతను పూడ్చి వెళ్ళాలని అడగడంలో ఎంత న్యాయం ఉందో ఇందులోనూ అంతే ఉంది. ఈ సంగతి నేను మొదట్లోనే రాయవలసింది.

అయినా లోరో పార్కే వంటి చోటికి పంపవచ్చని మీరు అంటే మాత్రం ఒప్పుకోలేను. అక్కడ 2021 మార్చి నుంచి 2022 సెప్టెంబరు వరకు మూడు ఓర్కాలు చనిపోయాయి, 2024 నవంబరులో మరొకటి. అందులో ఊలా అనే పిల్ల మూడేళ్ళు కూడా నిండకుండానే పోయింది. దాని తల్లి మోర్గన్ 2010లో నెదర్లాండ్స్ తీరంలో బలహీనంగా దొరికితే, కోలుకున్నాక సముద్రానికి పంపాలని ఎందరో కోరినా, 2011లో ఈ పార్కుకు చేర్చారు. ఆ మోర్గన్‌కు 2025 మార్చి చివరలో మరో పిల్ల పుట్టింది. ఒకవైపు పార్కులు మూతపడుతుంటే మరోవైపు కొత్త పిల్ల పుడుతోంది, మరో 40 ఏళ్ళకు ఈ చర్చే దాని గురించి జరగాలి. సంతానోత్పత్తి ఆగని చోటుకు ఇంకో రెండు ఓర్కాలను ఇవ్వడం సమస్యను పరిష్కరించడం కాదు, దానికి ఆయుష్షు పోయడం.

తూర్పుగాలి:

ఇంతవరకు ఎవరూ తగినంత గట్టిగా చెప్పని ఒక విషయం ఉంది. ఎక్కడికి పంపినా వికీని, కైజోను విడదీయకూడదు. సముద్రంలో స్వేచ్ఛగా బతికే ఓర్కాల్లో, ముఖ్యంగా ఉత్తర అమెరికా పసిఫిక్ తీరపు గుంపుల్లో, మగవి జీవితాంతం తల్లి పక్కనే ఉంటాయి. ఆ గుంపుల దశాబ్దాల జనన మరణాలను పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, 30 ఏళ్ళు దాటిన మగ ఓర్కా తల్లి చనిపోతే ఆ తర్వాతి ఏడాదిలో అది కూడా చనిపోయే ప్రమాదం 14 రెట్లు పెరుగుతుందని తేలింది. బలిష్ఠుడైన పెద్ద మగవాడి మాటే అలా ఉంటే, మరో తోడంటూ మిగలని కైజో మాట చెప్పనక్కరలేదు. ఒకటి ఈ పార్కుకు, ఒకటి ఆ పార్కుకు అన్న సర్దుబాటు ఎంత సౌకర్యంగా ఉన్నా, దాన్ని ముందే చట్టంతో కొట్టివేయాలి. తల్లీకొడుకుల మధ్య సంతానం కలగకుండా చూడడం పెంపకందారులకు నిజమైన చిక్కే. కానీ దాన్ని వైద్యంతో, నిఘాతో పరిష్కరించాలి, శాశ్వత ఎడబాటుతో కాదు.

ఆలస్యం ఎంత ఖరీదైనదో టోకిటే చూపింది. 1970లో అమెరికా వాషింగ్టన్ రాష్ట్ర తీరంలోని పెన్ కోవ్‌లో పట్టుబడి, మయామీలోని చిన్న కొలనులో లోలిటా పేరుతో ఐదు దశాబ్దాలు గడిపిన ఆ ఓర్కాను సొంత సముద్రానికి చేరుస్తామని 2023 మార్చిలో ప్రకటించారు. ఆ తీరపు ఆదివాసులైన లమ్మీ ప్రజలు దాన్ని తమ బంధువుగా భావించి ఏళ్ళ తరబడి అడిగింది అదే. ఆ ఆగస్టులోనే అది చనిపోయింది. చివరికి దాని చితాభస్మం మాత్రమే ఆ నీటిని చేరింది.

నిదానం:

టోకిటే మాట వచ్చాక వాదించాలనిపించడం లేదు, కానీ ఒక షరతు మీద మాత్రం నేను నిలబడతాను. కెరటం గారు చెప్పిన నిధి, తల్లీకొడుకులను విడదీయకూడదని తూర్పుగాలి గారు చెప్పిన మాట, రెండూ నాకు సమ్మతమే. లోరో పార్కేను సమర్థించే ఉద్దేశం నాకు లేదు.

నేను అడిగేది అఖాతం ఒడ్డున వైద్యం చేయడానికి వీలైన కొలను గురించి. వల బిగించాక మొదటి చలికాలం ఖాళీగా గడవనివ్వాలి. తుపాను వచ్చినప్పుడు వల నిలుస్తుందో లేదో, సముద్రపు మంచు పేరుకున్నప్పుడు శ్వాస తీసుకోవడానికి ఉపరితలం ఎంత తెరిచి ఉంటుందో, మందులు ఎంతసేపట్లో అందుతాయో జంతువు లేకుండానే చూసుకోవాలి. ఆ చలికాలమంతా ఆంటిబ్ కొలను శుభ్రంగా నడవాలి, పాత శిక్షకులు ఉద్యోగాల్లో ఉండాలి, వికీకి తెలిసిన ముఖాలే దానితో విమానం ఎక్కాలి. వీటికి ఫ్రాన్స్ ప్రభుత్వం డబ్బు, సిబ్బంది కేటాయించి రాతపూర్వకంగా హామీ ఇస్తే నేను పోర్ట్ హిల్‌ఫర్డ్‌కే ఓటు వేస్తాను. ఇవ్వకపోతే, ఇచ్చేదాకా అవి ఉన్నచోటే మెరుగైన సంరక్షణలో ఉండాలన్నది నా నిలకడైన అభిప్రాయం.

కెరటం:

ఒక చలికాలం ఆగమనడం నాకు కష్టంగా ఉంది, ఎందుకంటే ఆరు నెలల్లోపే రెండింటిని పోగొట్టుకున్న కొలను అది. అయినా ఖాళీ వలకు ఒక తుపాను పరీక్ష పెట్టాలన్న మీ మాటను నా ప్రతిపాదనలో చేరుస్తున్నాను. "తప్ప మరెక్కడికీ" అన్న పదాలను తీసివేస్తున్నాను. సంతానోత్పత్తి జరిపే పార్కులకు పంపరాదన్న వాక్యాన్ని మాత్రం అలాగే ఉంచుతున్నాను.