ఎఫ్‌డీ అని చెప్పి నాన్నగారితో పాలసీ కట్టించారు, ఏం చేయాలి?

మా నాన్నగారు రిటైర్మెంట్ డబ్బులో 5 లక్షలు ఎఫ్‌డీ వేద్దామని బ్యాంకుకి వెళ్తే, అక్కడి ఉద్యోగి "ఇందులో వడ్డీ ఎక్కువొస్తుంది సార్" అని సంతకాలు పెట్టించుకున్నాడు. తీరా ఇంటికొచ్చింది బీమా పాలసీ బాండు. ఏటా 5 లక్షల చొప్పున పదేళ్లు కట్టాలట! ఆయనకున్నది పెన్షన్ ఒక్కటే. టెన్షన్‌తో నిద్రపోవడం లేదు.

బాండు అందిన 30 రోజుల్లోపు ఫ్రీ లుక్ కింద రద్దు చేసుకోవచ్చని తెలిసింది. ఇప్పటికే 21 రోజులైంది. మేనేజర్‌గారేమో "వచ్చే వారం చూద్దాం" అంటున్నారు. గడువు దాటించడానికేనేమో అని నా భయం. రద్దు లేఖ బ్యాంకులో ఇస్తే సరిపోతుందా, నేరుగా బీమా కంపెనీకే పంపాలా? ఫిర్యాదు ఇచ్చాక బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు కదా, ఇలా అబద్ధం చెప్పి అమ్మినదాన్ని అక్కడ పట్టించుకుంటారా? ఆ ఉద్యోగి చెప్పిందంతా నోటిమాటే, మా దగ్గర రుజువు లేదు. ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు దయచేసి చెప్పండి.