పక్షవాతంతో ఉన్న అమ్మకు కుక్కను తోడు పెట్టడం చికిత్స అవుతుందా?

నరసాపురం ఆడపడుచు: మా అమ్మకు 74 ఏళ్లు. పక్షవాతం వల్ల కుడి చెయ్యి సరిగా ఆడదు. నేను హైదరాబాదులో, తమ్ముడు డాలస్‌లో ఉంటున్నాము. ఇంట్లో పనిమనిషి తప్ప పలకరించే దిక్కు లేదు. శిక్షణ పొందిన లాబ్రడార్‌ను పెడితే చికిత్సగానూ ఉంటుందని తమ్ముడు అంటున్నాడు. మీ అభిప్రాయం చెప్పగోరుతున్నాను.

పాలకొల్లు మాస్టారు: ‘చికిత్స’ అన్న మాటే తప్పు. చికిత్సకు రోగనిర్ధారణ, మోతాదు, గడువు ఉంటాయి. పోయిన వేసవిలో వీధికుక్క నా పిక్క పట్టుకుంటే 0, 3, 7, 14, 28 రోజుల లెక్కన ఐదు సూదులు వేయించుకున్నాను. నాకు తెలిసి కుక్కకూ వైద్యానికీ ఉన్న సంబంధం అదొక్కటే.

అమలాపురం ఫిజియోథెరపిస్టు: మాస్టారూ, వీధికుక్కతో పోలిక తగదు. అంధులకు దారి చూపడం వంటి పని నేర్చి ఒకే మనిషిని అంటిపెట్టుకునేది సేవాశునకం. యజమాని వెంట ఆసుపత్రులకూ వృద్ధాశ్రమాలకూ వెళ్లి రోగులతో కాసేపు గడిపి వచ్చేది థెరపీ డాగ్. ఇంట్లో ఉండేది తోడు. దీర్ఘరోగులకు చిన్న పెంపుడు జంతువు మంచి తోడని ఫ్లోరెన్స్ నైటింగేల్ 1860 నాటికే రాశారు. చేతిలో కొంత కదలిక మిగిలి ఉంటే, రబ్బరు బంతి నొక్కమన్నప్పుడు విసుక్కునేవారు కూడా కుక్క వీపు దువ్వమంటే ఆ చేతినే ఇష్టంగా కదిలించవచ్చు.

పాలకొల్లు మాస్టారు: మీరే ‘తోడు’ అన్నారు. కనుక చికిత్స కాదు.

లంక రైతు: మాటల సంగతి అటుంచండి. 2022 జూలై వరదలో మమ్మల్ని పడవ ఎక్కించారు, మా కుక్క గట్టు మీదే ఉండిపోయింది. ముప్పై కిలోల లాబ్రడార్ గొలుసు లాగితే పెద్దావిడ పడిపోరా? వానాకాలంలో ఎలుక జ్వరం భయం కుక్కలకూ ఉంటుంది, ఏటా టీకా వేయించాలి. అవన్నీ ఎవరు చూస్తారు?

కాకినాడ పాఠకుడు: పనిమనిషిని ఎవరైనా అడిగారా?

నరసాపురం ఆడపడుచు: అడగలేదండి.

పాలకొల్లు మాస్టారు: అడగరమ్మా. కన్నతల్లి దగ్గరకు తాను రాలేని కొడుకు కుక్కను పంపిస్తాడు, దానికి చికిత్స అని పేరు పెడతాడు!

నరసాపురం ఆడపడుచు: మీ పిల్లలు మీ ఇంట్లోనే ఉంటున్నారా మాస్టారూ?

పాలకొల్లు మాస్టారు: లేదు. మావాడు మెల్‌బోర్న్‌లో ఉన్నాడు. సంక్రాంతికి వస్తానంటే అరిసెలు వండించాము. భోగి నాడు ఫోను చేసి, సెలవు దొరకలేదు, తోడుగా ఒక కుక్కపిల్లను కొనిస్తానన్నాడు. వద్దన్నాను. అది గడప దాటి లోపలికి వస్తే వాడు ఇక రానక్కరలేదని నేనే ఒప్పుకున్నట్లవుతుందని అనిపించింది. మీతో పరుషంగా మాట్లాడాను, మన్నించండి.

అమలాపురం ఫిజియోథెరపిస్టు: అమ్మా, ఇంతకీ మీ అమ్మగారు ఏమంటున్నారు?

నరసాపురం ఆడపడుచు: ఇప్పుడే ఫోనులో అడిగాను. శిక్షణ పొందిన కుక్కకు ఆజ్ఞలన్నీ ఇంగ్లీషులోనే నేర్పుతారట అని చెబితే, “అయితే అదీ మీ తమ్ముడి పిల్లల్లాంటిదేనన్నమాట” అంది.