అప్‌డేట్: బరంపురం ఆఫీసు గదిలో స్టూడియో సెట్ అయింది
పోయిన నెల అడిగాను కదా, జీఎస్టీ పనులు చేసే మా బావతో కలిసి తీసుకున్న 10 బై 12 అడుగుల గదిలో పాటల మిక్సింగ్ సెటప్ ఎలా ఇరికించాలని. అయిపోయింది, వాడేస్తున్నాను కూడా.

మూలనున్న బల్లని పొట్టి గోడ మధ్యకి జరిపాను, చెవులు ఆ గోడకి నాలుగున్నర అడుగుల దూరంలో ఉండేలా, అంటే గది పొడవులో 38 శాతం దగ్గర కూర్చుంటే బేస్ కాస్త సమంగా వినిపిస్తుందనే స్టూడియోవాళ్ళ లెక్క. బావ బల్ల నా వెనక. నేను కుర్చీలో కూర్చుంటే బావ పక్క గోడ మీద చిన్న అద్దం జరుపుతూ వెళ్ళాడు, అద్దంలో స్పీకర్ ఎక్కడ కనిపిస్తే అక్కడ పెన్సిల్ గీత (స్పీకర్ శబ్దం గోడకి తగిలి చెవికొచ్చేది అక్కడినుంచే), అక్కడే శబ్దాన్ని పీల్చుకునే రాక్‌వూల్ (రాతి నార) ప్యానెల్. వడ్రంగి చేత ఫ్రేములు కట్టించి నాలుగంగుళాల మందం కూరి పైన కాటన్ గుడ్డ వేశాం (పట్టు వెయ్యరా, పట్టుకి పేరున్న ఊరు కదా మనది అని బావ ఎగతాళి).

గుడ్ల అట్టలు అంటించమన్నవాళ్ళకి దండం. అవి శబ్దం ఆపవు, పైగా నిప్పు భయం. ఫోమ్ కూడా ప్రతిధ్వని తగ్గిస్తుందంతే, కింద జిరాక్స్ షాపుకి వినపడకుండా చెయ్యదు. అందుకే పగలు శబ్దం బయటికి పెద్దగా పోని క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్సే, గొంతు రికార్డింగ్ బావ ప్రింటర్ ఆపేశాక సాయంత్రం.

బేస్ (లోతైన శబ్దాలు) మాత్రం ఇంకా తేడానే. వెడల్పు 10 అడుగులు కాబట్టి మధ్యలో కూర్చుంటే 56 హెర్ట్జ్ దగ్గర దాదాపు మాయం, మూలల్లో బేస్‌ని పీల్చుకునే ట్రాప్‌లు పెట్టినా కొంచెమే మెరుగు, కిక్ డ్రమ్ శబ్దం హెడ్‌ఫోన్స్‌లోనే చూసుకుంటున్నా. తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ వెయ్యాలి, అదొక్కటే బాకీ.