సంక్రాంతి నెలగంట పెట్టారు, మేలు చేసినవారిని రోజూ తలచుకునే అలవాటు మీ ఇళ్లలో ఎలా సాగుతోంది? (చర్చ)

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం: పెద్దపండుగ దగ్గర పడుతున్నకొద్దీ ఇంటిల్లిపాదీ పనుల్లోనూ ఖర్చుల లెక్కల్లోనూ మునిగిపోతున్నారే తప్ప, ఆ పండుగ మన గుమ్మం దాకా రావడానికి కారణమైనవారిని తలచుకునే తీరిక ఎవరికీ ఉండడం లేదు. పెద్దలకు బట్టలు పెట్టి, కనుమ నాడు పశువులకు పసుపు కుంకుమలు పెట్టడంతో సరిపెట్టుకోకుండా, ఈ నెలంతా పిల్లలతో కలిసి పాటించదగిన పద్ధతి ఏదైనా ఉంటే చెప్పండి. చదువుల కోసం దూరాన ఉన్న పిల్లలకు దీన్ని ఎలా అలవాటు చేయాలో కూడా తెలుపగలరు.

చీపురుపల్లి మాస్టారు: మనస్తత్వశాస్త్రం చదివి, ఎన్నో ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నవాడిగా ఈ విషయంలో నా మాటను ప్రమాణంగా తీసుకోవచ్చు. రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనలో, 10 వారాల పాటు వారానికోసారి తమకు కలిగిన మేళ్లను ఐదింటి దాకా రాసుకున్న విద్యార్థులు, చిరాకులను రాసుకున్నవారి కంటే తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తి కనబరిచారు. సోంజా ల్యుబోమిర్‌స్కీ బృందం 2005లో వెల్లడించిన ఫలితాల్లోనైతే వారానికి ఒకసారి రాసినవారికి మేలు కనిపించింది కానీ, మూడుసార్లు రాసినవారికి కనిపించలేదు. కాబట్టి రోజూ చేయించాలన్న పట్టుదల మానుకొని, ఆదివారం ఒక్కరోజు రాయిస్తే చాలు.

రాజాం కోడలు: మాస్టారూ, రాసుకోవడానికి ముందు చూడడం నేర్పాలి. తడి పిండి దంచి జల్లించడం, బెల్లం పాకాన్ని నీళ్ల పళ్లెంలో వేసి ఉండ కట్టిందో లేదో చూడడం, అరిసెను నూనెలోంచి తీసి చెక్కల మధ్య వత్తడం అన్నీ ఆడవాళ్ల చేతుల మీదుగానే సాగుతాయి. పాకం కాస్త ముదిరితే మాత్రం అరిసె గట్టిగా ఉందన్న మాట హాలులోంచి వెంటనే వినిపిస్తుంది. బాగా కుదిరిన రోజున ఎవరూ నోరు మెదపరు. మీ ఇళ్లలోని మగవాళ్లు ఈ పండుగకు పొయ్యి దగ్గర ఏ పని అందుకుంటున్నారో చెప్పండి.

కోట కూడలి, విజయనగరం: మా తాతగారు కళ్లంలో ధాన్యం ఇంటికి చేరకముందే కంబారికీ (పొలం పనులు చేసే పాలేరుకీ), ఊరి వృత్తులవారికీ కుంచాలతో కొలిచి పెట్టేవారు. అసలైన కృతజ్ఞత అంటే అదీ. ఇప్పుడు వీధి ఊడ్చేవారికి పండుగ మామూలు ఇవ్వడానికి కూడా జనం వెనకాడుతున్నారు.

వంగర కుర్రాడు: అయ్యా, మా తాత మీ తాతగారి వంటివారి ఇంట కంబారిగా పనిచేసినవాడే. ఆయన కొలిపించుకున్నది ఏడాది పొడవునా దుక్కి దున్ని, గట్లు వేసి, చలిలో కళ్లం కాపలా కాసినందుకు రావలసిన కూలి. ఇవ్వవలసిన బాకీని ఇచ్చి, దాన్ని మీ మంచితనం ఖాతాలో రాసుకుంటే మాకు బాధ కలుగుతుంది.

కోట కూడలి, విజయనగరం: బాబూ, మా పెద్దలను మీరు చూడలేదు. కొలతకు పైన కొంగులో పోసిన గింజలను కూడా బాకీ అంటారా? నోటికొచ్చినట్టు రాయడం తగదు.

వంగర కుర్రాడు: ఆ పైన పోసిన గింజల పేరు చెప్పి పండుగ నాడు కూడా గొడ్ల సావిడి బాగుచేయించుకున్న ఇళ్లున్నాయి. కృతజ్ఞత ఉన్నవారు ముందు కూలి సక్రమంగా ఇచ్చి, ఆ తరువాత ఎదురుగా కూర్చోబెట్టుకొని భోజనం పెడతారు. మామూలు చేతిలో పెట్టే ముందు ఆ మనిషి పేరు తెలుసుకోండి.

పలాస జీడితోట: తాతల గొడవ అలా ఉంచండి. 2018 అక్టోబరు 11న, నవరాత్రులు మొదలైన మర్నాడే, తిత్లీ తుపాను మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి చెట్లను నేలమట్టం చేసింది. పండుగ మాట మరచిపోయి చీకట్లో కూర్చున్న మా ఊరికి, వేరే జిల్లాల నుంచి వచ్చిన విద్యుత్ సిబ్బంది పడిపోయిన తోటల మధ్యగా స్తంభాలు మోసుకొచ్చి నిలబెట్టారు. తమ ఇళ్లలో దసరాను వదులుకొని వచ్చిన ఆ మనుషులకు మేము పెట్టగలిగింది పప్పూ అన్నమే. వారిలో ఒకరికి నేటికీ ప్రతి దసరాకూ ఫోను చేసి పలకరిస్తాను. మా అబ్బాయి చేత కూడా మాట్లాడిస్తాను. దూరాన ఉన్న పిల్లలకైనా ఇది సాధ్యమే.

సీతంపేట కొండ: మా సవర గిరిజనుల ఊళ్లలో కందికొత్తల పండుగ జరిపి, పెద్దలకు పెట్టనిదే కొత్త కందులు ముట్టరు. ఎవరివల్ల తింటున్నామో పిల్లలకు ఆ ముద్ద దగ్గరే తెలుస్తుంది.

చీపురుపల్లి మాస్టారు: ఆచారాలు మంచివే కానీ, నేను చూపిన ఫలితాలను ఒక్కరూ పట్టించుకోకపోవడం విచారకరం.

రాజాం కోడలు: ఇంతమంది రాశారు, నా ప్రశ్నకు మాత్రం ఒక్క మగవారూ జవాబివ్వలేదు.

వంగర కుర్రాడు: అమ్మా, మా ఇంట రోట్లో పిండి నేనూ మా నాన్నా దంచుతాం. పాకం మా అమ్మ చూస్తుంది. చెక్కలతో వత్తేది మా తమ్ముడు. అలసిపోయి కూర్చున్న ఆమెకు తొలి అరిసె ఇచ్చి, ఆమె తిన్నాకే మేం తింటాం.

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం: జీడితోటవారి ఫోను పద్ధతి మా అమ్మాయికి ఈ రాత్రే చెబుతాను. మాస్టారు చెప్పిన ఆదివారం రాతను కూడా మొదలుపెడతాం. మా వీధి ఊడ్చే ఆమెను కనుమ నాడు భోజనానికి పిలుద్దామనుకుంటున్నాను. ఆ రోజు ఆమెకు సెలవు ఉంటుందో లేదో రేపు అడిగి కనుక్కుంటాను.